పసిచేతిలో గొలుసు



ఎండ చల్లబడిన తరువాత సిద్దిపేటలో కోమటిచెరువు వైపు నడకకు బయలుదేరు తండ్రి చేతిలో కుక్క గొలుసు ఉన్నచో, అయిదారేండ్ల బిడ్డ ఊరకుండునా? "బాపూ, నేను పట్టుకుంట" అని చేయి చాచును. ఇయ్యవచ్చునా, కూడదా అను సంశయము కుక్కను పెంచు ప్రతి ఇంట కలుగునదే. ఇయ్యవలెననియే నా అభిప్రాయము. కాని పెద్దవాని పట్టు మాత్రము సడలరాదు.

ఆరేండ్ల బిడ్డ ఇంచుమించు 20 కిలోలు తూగును. ఎదిగిన లాబ్రడారు జాతి కుక్క 30 కిలోలు తూగవచ్చును. దానికొక పిల్లి కనబడినచో ఎవరు ఎవరిని నడిపింతురో వేరుగ చెప్పనక్కరలేదు. కావున మెడపట్టెకు గొలుసుతోబాటు ఒక తాడును కట్టి, గొలుసు తండ్రియు, తాడు బిడ్డయు పట్టుకొనుట మేలు. తాడును మణికట్టుకు చుట్టుకొనరాదు. కుక్క ఉరికినచో బిడ్డ బోర్లపడును. ఈ నడక ఇంటి ముంగిట ఆరంభించి, సందడిలేని వీధిలో సాగించి, పిదపనే అంగడిదారి పట్టవలెను. వేసవిలో బయలుదేరుటకు ముందు తారురోడ్డుపై చేయి ఆనించి చూడుమని బిడ్డకు నేర్పవలెను. ఆ చేయి ఓర్వని వేడిని కుక్క పాదములును ఓర్వజాలవు.

ఇంతకంటె ముఖ్యమైనది కుక్క మనసు నెరుగుట. తోక ఊపినంత మాత్రమున అది సంతోషించుచున్నదని తలపరాదు. చెవులు వెనుకకు వాల్చుట, పెదవులు నాకుకొనుట, మొగము త్రిప్పుకొనుట, ఒడలు బిగియబట్టుట, ఇవన్నియు "నన్ను విడువుము" అని అది చెప్పుకొను మాటలు. వీనిని విననిచో గుర్రుమనును. అదియు విననిచో కరచును. తినునపుడును, నిద్రించునపుడును దాని జోలికి పోరాదు. దారిలో ఆగి వాసన చూచుచున్నపుడు తాడు గుంజరాదు. లోకమును అది ముక్కుతోనే తెలిసికొనును.

భారతము ఆదిపర్వములో సరమ కథ కలదు. యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగ కొట్టిరి. తల్లియైన సరమ వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఏల కొట్టితిరని జనమేజయుని ఎదుట నిలిచి అడిగెను. అనుకొనని భయము మీకు కలుగునని చెప్పి పోయెను. రాళ్లు చేతబట్టి వీధికుక్కల వెంటబడు పిల్లలకు ఈ కథ చెప్పదగినది.

ఆ భయము నిజమైనదే. పిచ్చికుక్క యను అనుమానముగల జంతువుల కాటుకు గురియగువారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. 1885 జూలై 6న పారిస్ నగరమున లూయీ పాస్టరు టీకా వేయించిన జోసెఫ్ మైస్టర్ తొమ్మిదేండ్ల బాలుడు. అతడు బ్రతికెను. నేడు ఆ టీకా మనకు అందుబాటులో నున్నది. పెంపుడు కుక్కకు ఏటేట టీకా వేయింపవలెను. వీధికుక్క ఎదురైనచో బిడ్డ పరుగెత్తక చెట్టువలె నిలువవలెను. కుక్కలు కలియబడినచో తాడు విడిచి వెనుకకు తగ్గవలెను. కాటు పడినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఒక్క మాట తల్లిదండ్రులకు. తిట్లకు వెరచి పిల్లలు చిన్న గీరును దాచిపెట్టుట కలదు. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప వైద్యుడు చేయగలిగినది బహు స్వల్పము. కావున పసిచేతికి తాడు ఇచ్చునాడే, "ఏమి జరిగినను నాతో చెప్పుము, నేను కోపింపను" అని మాట ఇయ్యవలెను. ఆ మాట నిలుపుకొనవలెను.

ఇక బిడ్డ తన వంతుగ చేయవలసిన పని యొకటి మిగిలినది. ఇంటికి తిరిగి వచ్చినంతనే నడక ముగిసినట్లు కాదు. తాను నీళ్లు త్రాగకముందే కుక్క గిన్నె నింపవలెను.