బిరుదులు పోయాయి, పేర్లు మిగిలాయి
(తార్నాకలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఉపన్యాసకుణ్ణి కాను. పొరపాట్లుంటే మన్నించండి.

రోజూ ఉదయం ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వెళ్తాను. మొన్న ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మా మనవరాలు, "తాతయ్యా, ఉస్మానియా అంటే ఏమిటి?" అని అడిగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరమ్మా అన్నాను. ఈ విశ్వవిద్యాలయం 1918లో వెలిసింది. ఆ ఏడాదే బ్రిటిష్ చక్రవర్తి ఆయనకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అనే బిరుదునిచ్చారు. మిగతా సంస్థానాధీశులెవరికీ ఆ బిరుదు లేదు.

1936లో ఆయన పెద్ద కుమారుడు ఆజం జా 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' అయ్యారు. బేరార్ పాలన మాత్రం 1853 నుంచీ ఇంగ్లీషువారి చేతిలోనే ఉంది. ఊరు వారిది, పేరు వీరిది!

1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కుమారులిద్దరికీ టర్కీ రాజవంశపు ఆడపిల్లలతో వివాహాలు జరిగాయి. ఆ వంశంలో రాకుమారుడి కూతురు పేరు చివర 'సుల్తాన్' అని, రాకుమార్తె కూతురి పేరు చివర 'హానిమ్ సుల్తాన్' అని రాసేవారు. చివరి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్ మొదటి కోవకు, నీలోఫర్ రెండవ కోవకు చెందినవారు. ఇవాళ ఆ తేడా ఎవరికి పట్టింది? 1953లో వెలిసిన నీలోఫర్ ఆస్పత్రి పేరు మాత్రం ప్రతి తల్లికీ తెలుసు.

మన రాజ్యాంగం బిరుదులను రద్దు చేసింది. 1971లో 26వ సవరణతో రాజభరణాలు కూడా ఆగాయి. వారి భరణం ఆగిన ఏడాదే నా జీతం మొదలైంది.

ఇక నా సంగతి. 2009లో రిటైరయ్యాక గేటుకు 'సూపరింటెండెంట్ (రిటైర్డ్)' అని బోర్డు పెట్టాను. ఒకసారి ఏదో కాగితం కోసం వెళ్తే కౌంటరు దగ్గర కుర్రాడు "పెద్దాయనా, పక్కకు జరుగు" అన్నాడు. ఇంటికొచ్చి బాధపడ్డాను. మా ఆవిడ, "మీరు ఆ కుర్చీలో ఉండగా ఎంతమందిని నిలబెట్టారో!" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలను నేను మూడుసార్లు వాపసు చేశాను. ఒక కాగితంలో పేరు చివర 'బేగం' ఉంది, మరో దాంట్లో లేదు. అంతే తేడా. ఆమె మూడుసార్లూ నడిచే వచ్చింది. రూలు నా వైపే ఉంది. కానీ, "ఇలా రాయించుకు రా అమ్మా" అని ఒక ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మరునాడే బోర్డు తీసేశాను.

మిత్రులారా, పెన్షన్ పేమెంట్ ఆర్డరులో, బ్యాంకు పుస్తకంలో, ఆధార్‌లో మీ ఇల్లాలి పేరు ఒకేలా ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. తేడా ఉంటే మనం బతికుండగానే సరిచేయించుకుందాం. చేతగానివారెవరైనా ఉంటే నాకు చెప్పండి. అర్జీ నేను రాసిపెడతాను.

సెలవు.