బొమ్మ గీస్తే ప్రోగ్రాము పుట్టే రోజుల్లో మన పిల్లలు
(నరసరావుపేటలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను ఆజ్ఞాపించారు. అన్ని చదువుల గురించీ చెప్పేటంత వాణ్ణి కాను. యంత్రాల లోపల దాగి ఉండే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు తయారుచేయడం నా వృత్తి. దాని గురించే మనవి చేస్తాను. ఇందాక లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక తండ్రి నన్ను ఆపారు. "ఇప్పుడు ప్రోగ్రాములు కూడా యంత్రమే రాస్తున్నదట గదా బాబూ. అప్పు చేసి మావాణ్ణి ఇంజనీరింగులో వేశాను. వాడు బయటికొచ్చేసరికి పనుంటుందంటావా?" అని అడిగారు. నా ప్రసంగమంతా ఆయనకు జవాబే అనుకోండి.

ముందు ఈ చిన్న కంప్యూటరు ఎక్కడుంటుందో చూద్దాం. 2020 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్లకు బి.ఎస్.6 నిబంధన వచ్చింది. ఆ బళ్లలో చాలావాటికి పాత కార్బొరేటరు పోయి, పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్కగట్టే చిప్పు వచ్చింది. వాషింగ్ మెషీనులో ఒకటి, కారు బ్రేకుల్లో ఒకటి, మన పొలాల్లో బోరు మోటారు స్టార్టరు డబ్బాలో ఒకటి. దానికి తెర ఉండదు, మీటలుండవు. ఎంబెడెడ్ సిస్టమ్ అనేది దీన్నే.

వెనకటి పద్ధతిలో, యంత్రం ఎలా నడవాలో ఒక ఇంజనీరు కాగితం మీద రాస్తే, ప్రోగ్రామరు దాన్ని చదివి సి భాషలో కోడు రాసేవాడు. ఇంజనీరు ఒకటి అనుకుంటే ప్రోగ్రామరు మరొకటి అర్థం చేసుకోవడం మామూలే. తప్పు యంత్రం తయారయ్యాక గాని బయటపడేది కాదు. ఇప్పటి పద్ధతిలో కంప్యూటరు తెర మీద గళ్లూ గీతలతో బొమ్మ గీస్తారు. ఒక గడి మోటారు, ఒక గడి సెన్సారు, ఒక గడి పోలిక, ఒక గడి ఆలస్యం. దీన్ని మోడల్ అంటారు. ఈ బొమ్మను తెర మీదే నడిపించి, ఓల్టేజి పడిపోతే ఏమవుతుంది, ఒక ఫేజు పోతే ఏమవుతుంది అని ఉత్తుత్తిగా పరీక్షిస్తారు. అదే సిమ్యులేషన్. సరిపోయిందనుకున్నాక ఒక మీట నొక్కితే, ఏ గడి ముందు లెక్కగట్టాలో, ఏది తరువాతో ఆ సాఫ్టువేరే వరస పెట్టుకుని సి కోడు రాసి ఇస్తుంది. సిమ్యులింక్ అనే సాఫ్టువేరుకు ఇటువంటి సాధనం 1990 దశకంలోనే వచ్చింది. 1999లో జర్మనీ నుంచి టార్గెట్‌లింక్ వచ్చింది. ఈనాడు కార్ల కంపెనీల్లో ఇది నిత్యకృత్యం.

అయితే యంత్రమే రాస్తే తప్పులుండవా? నా సొంత అనుభవం చెబుతాను.

మా అబ్బాది మోటార్ల రీవైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్ల వాసనలోనే నేను పెరిగాను. చదువు ముగిశాక ఒక కంపెనీలో బోరు మోటారు స్టార్టరు పని నాకు అప్పగించారు. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఖాళీగా తిరిగి, వేడెక్కి కాలిపోతుంది. కాబట్టి నీళ్లు లేవని కనిపెట్టి దానంతట అదే ఆగిపోవాలి. నీళ్లు లేకపోతే మోటారు మీద బరువు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది. ఫలానా ఆంపియర్ల కంటే తగ్గి కొన్ని సెకన్లు అలాగే ఉంటే ఆపెయ్యి అని బొమ్మ గీశాను. సిమ్యులేషన్‌లో నూటికి నూరుపాళ్లు పనిచేసింది. కోడు పుట్టింది, చిప్పులోకి ఎక్కింది. బొమ్మకూ కోడుకూ వెంట్రుకవాసి తేడా లేదు.

మొదట కొన్ని డబ్బాలు పొలాల్లో పెట్టాం. పగలు బాగానే ఉన్నాయి. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చే రోజులవి. రెండు మోటార్లు రాత్రిపూట ఖాళీగా తిరిగి కాలిపోయాయి. అందులో ఒకటి మా అబ్బా షాపుకే వచ్చింది! రైతు ముఖం చూడలేకపోయాను. మిరప తోటకు నీళ్లు పెట్టే అదనులో మోటారు పోవడమంటే ఏమిటో ఈ సభలో నేను చెప్పనక్కరలేదు.

కోడంతా వారం రోజులు వెతికాను, తప్పు దొరకలేదు. మా అబ్బా నవ్వి, బల్ల మీద ఖాళీ మోటారు పెట్టి టాంగ్ టెస్టరు తగిలించాడు. "ఓల్టేజి పెంచుతా, చూడు బేటా. రాత్రి లైను మీద లోడు తగ్గి ఓల్టేజి పైకెక్కుతుంది. అప్పుడు ఖాళీ మోటారు కూడా కరెంటు లాగుతుంది. నీ డబ్బా దాన్ని చూసి నీళ్లున్నాయనుకుంటోంది" అన్నాడు. ముల్లు చూస్తుండగానే పైకి లేచింది. ఓల్టేజి హద్దు దాటితే మోటారు లోపలి ఇనుము అయస్కాంత శక్తిని ఇంక పట్టలేక, ఖాళీ కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. పుస్తకంలో దీన్ని సాచురేషన్ అంటారు. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. కాని నా బొమ్మలో మోటారు గడిలో దాన్ని పెట్టలేదు.

తరువాత దిద్దుకున్నాం. కరెంటు ఒక్కదాన్నే చూడక, ఓల్టేజికీ కరెంటుకూ మధ్య జాప్యాన్ని, అంటే పవర్ ఫ్యాక్టరును కూడా చూసే విధంగా బొమ్మ మార్చాం. ఖాళీ మోటారు ఎంత కరెంటు లాగినా అందులో పనికి ఖర్చయ్యేది కొంచెమే, అది పవర్ ఫ్యాక్టరులో దొరికిపోతుంది. కోడును మేము ముట్టుకోలేదు. పుట్టిన కోడులో చెయ్యిపెట్టి దిద్దితే, రేపు మళ్లీ పుట్టించినప్పుడు ఆ దిద్దుబాటు కొట్టుకుపోతుంది. దిద్దవలసింది బొమ్మనే.

ఇంకో చిక్కుంది. తెర మీద కాలం మనకు అనుకూలంగా నడుస్తుంది. చిప్పులో అలా కాదు. సెకనులో నూరోవంతుకు ఒకసారి లెక్క కట్టాలంటే ఆ వ్యవధిలోపల మొత్తం లెక్క ముగియాలి, ముగియకపోతే తరువాతి లెక్క దెబ్బతింటుంది. అంకెలకూ హద్దుంది. గుర్తుతో కూడిన పదహారు బిట్ల గడిలో 32,767 కంటే పెద్ద అంకె పట్టదు. ఈ చిన్న సంగతి ఎంత పని చేసిందో చూడండి. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్-5 రాకెట్టు తొలి ప్రయాణంలో బయలుదేరిన నలభై సెకన్ల లోపలే ముక్కలైపోయింది. ఏరియన్-4 కోసం రాసిన ప్రోగ్రామునే దీంట్లోనూ వాడారు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ, పెద్ద అంకె పదహారు బిట్లలో పట్టక దిశ చూపే కంప్యూటర్లు ఆగిపోయాయి. కొత్త రాకెట్టు ప్రయాణించే దారిని పెట్టి ఆ పరికరాన్ని నేల మీద ముందే పరీక్షించి ఉంటే తప్పు దొరికేదని విచారణలో తేలింది. ఆ కోడును యంత్రం పుట్టించలేదు, మనుషులే రాశారు. అయినా పాఠం ఒక్కటే. పాత ఊహను కొత్త యంత్రానికి తగిలించేటప్పుడు మళ్లీ పరీక్షించాలి.

అందుకే పరీక్ష నాలుగు మెట్లుగా చేస్తారు. మొదట బొమ్మను బొమ్మగానే. రెండు, పుట్టిన కోడును మామూలు కంప్యూటరు మీద. మూడు, అదే కోడును అసలు చిప్పు మీద. నాలుగు, అసలు పరికరాన్ని తెచ్చి, దాని చుట్టూ ఉండవలసిన ప్రపంచాన్ని కంప్యూటరుతో నటింపజేసి. ఈ నాలుగోదాన్ని హార్డువేర్ ఇన్ ద లూప్ అంటారు. మన హైదరాబాదులో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారి నాయకత్వంలో 1988లో వెలసిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో ఇటువంటి పరీక్షలు చేస్తారు. క్షిపణి కంప్యూటరును గదిలోనే ఉంచి, ఆకాశంలో ఎగురుతున్నట్టు నమ్మించి, ఏం చేస్తుందో చూస్తారు. ఇక విమానాల సాఫ్టువేరుకు 2011లో వచ్చిన డి.ఓ.178సి నియమాల ప్రకారం, పుట్టిన కోడును మనిషి రాసినదానిలాగే తనిఖీ చెయ్యాలి. ఆ తనిఖీ తగ్గించుకోవాలంటే, కోడు పుట్టించే సాధనమే నమ్మదగినదని ముందుగా రుజువు చెయ్యాలి.

ఇక గుమ్మం దగ్గర అడిగిన అన్నగారికి జవాబు. కాగితం మీద ఉన్నదాన్ని చూసి కోడులోకి ఎక్కించే పని తగ్గుతుంది. ఆ ఒక్కటే నేర్చుకున్నవాడికి కష్టమే, దాచిపెట్టి ప్రయోజనం లేదు. కాని మోటారు ఎలా తిరుగుతుందో, కొలిమి ఎలా వేడెక్కుతుందో, కాలవలో నీరు ఎలా పారుతుందో తెలిసి సరైన బొమ్మ గీసేవాడికి పని పెరుగుతుంది. బొమ్మలో ఏది లోపించిందో కనిపెట్టేవాడికి ఇంకా పెరుగుతుంది. మాచర్ల, పిడుగురాళ్ల వైపు సిమెంటు, సున్నం కొలుములున్నాయి. ఊరూరా బోర్లున్నాయి. మన ఇళ్లలో మెకానిక్కులు, వెల్డర్లు, రీవైండర్లు ఉన్నారు. ఈ జ్ఞానం డబ్బుపెట్టి ఏ కోర్సులోనూ కొనలేం.

కాబట్టి విద్యార్థులకు నా మనవి. సెలవుల్లో నాన్న షాపులో కూర్చోవడం నామోషీ అనుకోకండి. మీటరు పట్టుకుని అంకెలు రాసుకోండి. ఇంటికొచ్చి ఆ అంకెలే వచ్చేటట్టు బొమ్మ గీయండి. ఖరీదైన సాఫ్టువేరు కొనలేకపోతే సైలాబ్ అనేది ఉచితం, అందులో ఎక్స్‌కాస్ అనే బొమ్మల విభాగం ఉంది. మోడల్ నేర్చుకోవడానికి అది చాలు. బొమ్మకూ మీటరుకూ తేడా వచ్చిందంటే బొమ్మను అనుమానించండి. గణితం, ముఖ్యంగా కలనగణితం వదలకండి.

సంఘ పెద్దలకు కూడా ఒక విన్నపం. ఫీజులకు సాయం చేస్తున్నారు, సంతోషం. దానితోపాటు ఒక చిన్న గదిలో ఒక పాత మోటారు, నాలుగు మీటర్లు, రెండు కంప్యూటర్లు పెట్టండి. ఆదివారం పూట మన రీవైండింగ్ మేస్త్రీలను గురువులుగా కూర్చోబెట్టండి. ఇంజనీరింగు పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి, వాళ్లు పిల్లల దగ్గర బొమ్మ గీయడం చూడాలి.

మా అబ్బా ఈ రోజు లేడు. ఆయన టాంగ్ టెస్టరు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. కొత్త కుర్రాళ్లు "కోడు సరిగానే ఉంది సార్" అంటూ వచ్చినప్పుడల్లా దాన్ని వాళ్ల చేతికిచ్చి, ముందు మోటారు దగ్గరికి వెళ్లి రమ్మంటాను.