47వ ఏట బాక్సింగ్

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరు "ఏమిటీ, బాక్సింగా?" అని పక్కవాళ్ల మొహం చూసి ఉంటారు. అవును, బాక్సింగే. చేతులకు గ్లవ్స్ తొడుక్కుని గుద్దుకునే ఆట. నా 47వ ఏట మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 49.

నేనేమీ ఆటగత్తెను కాను. బడిలో ఖోఖో ఆడాను, అదీ ఓణీ వేసేదాకానే. ఆ తర్వాత నేను పరిగెత్తిందల్లా సిటీ బస్సు వెనకాలే. మా అమ్మాయి చదువుకని ఊరు దాటి వెళ్లాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టయింది. సరిగ్గా అప్పుడే నెలసరి అస్తవ్యస్తమై, రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటలు పట్టి మెలకువ వచ్చేది. ఊరికే కోపం. చేతిలోంచి గిన్నె జారితే కోపం, శ్రీవారు పేపరు మడత పెట్టకపోతే కోపం. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "జబ్బేమీ లేదు, రోజూ చెమట పట్టేలా ఏదైనా చేయండి" అన్నది. బీచ్ రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. నా కోపం కూడా నాతోపాటే నడిచి ఇంటికి వచ్చేది.

మేముండే విశాఖపట్నానికి బాక్సింగులో మంచి పేరుంది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ చాంపియన్ అయిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ చిన్నప్పుడు శిక్షణకు వచ్చింది ఇక్కడికే. మా కాలనీ చివర ఒక రేకుల షెడ్డులో, సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు పిల్లలకు బాక్సింగ్ నేర్పుతారు. నడక నుంచి తిరిగి వస్తూ ఆ చప్పుడు విని కిటికీ దగ్గర నిలబడేదాన్ని. దూలానికి వేలాడే బరువైన సంచీని పదిహేనేళ్ల పిల్ల ఒకతె దబదబా బాదుతూ ఉండేది. నాలుగో రోజున మాస్టారు బయటికొచ్చి, "ఎవరిని చేర్చాలి అమ్మగారూ? మనవరాలినా?" అన్నారు. మనవరాలు! ఆ మాటకొచ్చిన రోషంతోనే "నన్నే చేర్చుకోండి" అనేశాను.

ఇంట్లో చెప్పడం అంత సులువు కాలేదు. మావారు అయిదు నిమిషాలు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే కాదన్నట్టే. మా అత్తగారికి 78 ఏళ్లు. ఆవిడ మాత్రం "ఏటమ్మా, ఎవరిని కొట్టడానికి?" అని అడిగారు. "ఎవరినీ కాదత్తయ్యా, సంచీని" అన్నాను. "సంచీకైతే పర్వాలేదులే" అన్నారు. అంతటితో మా ఇంట్లో అనుమతి దొరికిపోయింది.

గ్లవ్స్ కంటే ముందు కావలసింది చేతికి చుట్టుకునే పట్టీ. చేతిలో 27 చిన్న చిన్న ఎముకలున్నాయి. వాటిని కదలకుండా బిగించి పెట్టకపోతే మొదటి దెబ్బకే మణికట్టు మెలిక పడుతుంది. పట్టీ రెండు అంగుళాల వెడల్పు, 180 అంగుళాల పొడవు ఉండాలి, అంటే అయిదు గజాలన్నమాట. బొటనవేలికి తగిలించి, మణికట్టుకు మూడు చుట్లు, పిడికిలి కణుపుల మీద మూడు చుట్లు, ఆపైన వేళ్ల సందుల్లోంచి తీసి మళ్లీ మణికట్టు దగ్గర ముగించాలి. షాపులో కొన్న పట్టీ ఉతికి ఆరేసేటప్పటికి మర్నాటికి ఆరేది కాదు. అది చూసి అత్తగారు తన పెట్టెలోంచి మెత్తబడిన నేతచీర ఒకటి తీసి, నిలువునా చింపి, అంచులు కుట్టి రెండు జతలు చేసిచ్చారు. సాగదు కాబట్టి కాస్త చూసి చుట్టుకోవాలి గానీ, చెమట పీల్చడంలో ఆ పాత నూలుకు సాటి లేదు. షెడ్డులో పిల్లలందరి చేతులకూ ఎర్రవో నల్లవో పట్టీలుంటే నా చేతులకు మాత్రం చిలకాకుపచ్చ గళ్లు!

మొదటి నెల అసలు కొట్టనివ్వలేదు. నిలబడడమే నేర్పారు. ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక, మోకాళ్లు కాస్త వంచి, గడ్డం దించి, చేతులు చెంపల దగ్గర. ఇంతే కదా అనుకుంటాం. ఆ భంగిమలో ముందుకూ వెనక్కూ పది అడుగులు వేసి చూడండి, పిక్కలు ఎలా లాగుతాయో! దెబ్బ చేతిలోంచి వస్తుందని నేను అనుకునేదాన్ని. కాదు. వెనక కాలి మడమ తిరగాలి, దాంతో నడుం తిరగాలి, ఆ తర్వాతే భుజం, చివర పిడికిలి. నేను పెరట్లో సాధన చేస్తుంటే అత్తగారు చూసి, "రోకలి పట్టినట్టే ఉందే. చేత్తో దంచిన మనిషి పదిపోట్లకే కూలబడుతుంది, నడుంతో దంచాలి" అన్నారు. దంచేవాళ్లు పోటు పోటుకూ 'హుఁ' అని ఊపిరి వదులుతారే, బాక్సింగులోనూ సరిగ్గా అలాగే వదలాలి. ఊపిరి బిగబట్టి కొడితే నిమిషంలో కళ్లు తిరుగుతాయి. ఒక రౌండు మూడు నిమిషాలు, తర్వాత ఒక నిమిషం విశ్రాంతి. మూడు నిమిషాలంటే ఎంత, స్టవ్ మీద పాలు పొంగేటంతసేపు అనుకునేదాన్ని. సంచీ ముందు నిలబడ్డాక తెలిసింది మూడు నిమిషాలంటే ఎంతో.

నాకు అన్నింటికంటే కష్టమైనది వేరే ఉంది. మాస్టారు చేతులకు దిండ్ల లాంటి ప్యాడ్లు తొడుక్కుని, వాటి మీద కొట్టమనేవారు. నేను కొట్టడం, వెంటనే "అయ్యో, తగిలిందాండీ?" అనడం. మళ్లీ కొట్టడం, మళ్లీ "అయ్యో". ఒకరోజు ఆయన లెక్కపెట్టి, "ఒక్క రౌండులో పద్నాలుగు అయ్యోలు! కొట్టమన్నది నేనే కదమ్మా" అన్నారు. నవ్వాను గానీ, ఇంటికొచ్చాక ఆలోచనలో పడ్డాను. రోజు మొత్తంలో నేనెన్ని 'అయ్యో'లు అంటున్నాను? కూర కాస్త మాడితే అయ్యో, ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే అయ్యో, నా కాలు తొక్కినవాళ్లకు కూడా నేనే అయ్యో! ఆ అలవాటు మానడానికి నాకు ఆరు నెలలు పట్టింది, అదీ షెడ్డులోనే. ఇంట్లో ఇంకా పూర్తిగా పోలేదు.

మనలో మనం చెప్పుకోవలసిన మాట ఒకటుంది. మగవాళ్లెవరైనా వింటుంటే విననివ్వండి. స్కిప్పింగ్ తాడుతో ఎగరడం మొదలెట్టగానే నాకు చుక్క చుక్కగా మూత్రం పడేది. సిగ్గుతో వారం రోజులు వెళ్లడం మానేశాను. కాన్పులయిన ఆడవాళ్లలో ఇది చాలామందికి ఉంటుందనీ, తుమ్మినా దగ్గినా అలాగే అవుతుందనీ, కటి భాగంలోని కండరాలను బిగించి వదిలే వ్యాయామాలతో చాలావరకు అదుపులోకి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. వాటి పేరు కెగెల్ వ్యాయామాలు. కూర్చుని కూర తరుగుతూ కూడా చేసుకోవచ్చు. మూడు నెలలకు తేడా తెలిసింది. ఇన్నేళ్లూ ఈ సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆడవాళ్లకు ఈ ఆట తలుపులు తెరిచింది ఆలస్యంగానే. ఇంగ్లండులో అమెచ్యూర్ బాక్సింగ్ సంఘం ఆడవాళ్ల మీద నిషేధాన్ని 1996లో గానీ ఎత్తివేయలేదు. మహిళల ప్రపంచ పోటీలు మొదటిసారి జరిగింది 2001లో. ఒలింపిక్స్‌లోకి 2012లో లండన్‌లో వచ్చింది. అక్కడ మన మేరీ కోమ్ కాంస్యం గెలిచింది. ఆవిడకు 2007లో కవలలు పుట్టారు, 2008లో మళ్లీ ప్రపంచ చాంపియన్ అయింది. ఈ సంగతి షెడ్డులో అమ్మాయిలకు పెద్దగా పట్టదు గానీ, కాన్పు తర్వాత లేచి నిలబడడం ఎంతో తెలిసిన మనకు పడుతుంది.

ఆ ఉత్సాహంలో నేనూ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, న్యాయనిర్ణేతల ముందు పోటీలో నిలబడాలని ఆశపడ్డాను. మాస్టారు మొహమాటపడుతూ చెప్పారు, పెద్దల విభాగంలో వయసు 19 నుంచి 40 దాకానే అని. అమెరికాలో 35 దాటినవారికి 'మాస్టర్స్' అని వేరే విభాగం ఉందట. ఆ రోజు ఇంటికి వస్తూ ఏడ్చాను. ఎవరికి చెప్పుకుంటాను? అన్నం తినేటప్పుడు మావారే అడిగి తెలుసుకుని, "మన ఊళ్లో ఎలాగూ అందరికీ నీ సంగతి తెలుసు, ఇంక పతకం దేనికి?" అన్నారు. ఓదార్పో వెక్కిరింతో నాకు తెలియలేదు.

పోటీ లేకపోయినా జంటగా సాధన ఉంటుంది. నా జోడీ ఒక కాలేజీ అమ్మాయి. తలకు రక్షణ కవచం, పళ్లకు గార్డు పెట్టుకుని, మెల్లగా తాకించుకుంటూ ఆడాలి. ఒక సాయంత్రం ఆ పిల్ల మెల్లగా అన్నమాట మరిచిపోయింది. నేను చెయ్యి దించాను. తప్పు నాదే. ఎడమ కంటి కింద దెబ్బ తగిలి, మర్నాటికి నేరేడుపండు రంగులో ఉబ్బింది. మూడో రోజున విజయనగరంలో మావారి మేనత్తగారి మనవడి పెళ్లి!

"నేను రాను. అందరూ నన్నే చూస్తారు" అన్నారు మావారు. నిజమే, చూశారు. ఆయన పాపం సెల్‌ఫోనులో నేను గ్లవ్స్ వేసుకున్న ఫొటో ఒకటి పెట్టుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించుకుంటూ తిరిగారు. నాకు నవ్వొచ్చింది. భోజనాల తర్వాత ఒకావిడ నన్ను పక్క గదిలోకి పిలిచేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆవిడ ఎవరో, ఏ ఊరో చెప్పను. ఈ సంగతి రేడియోలో చెప్పవచ్చునని ఆవిడే అన్నది కాబట్టి చెబుతున్నాను. తలుపు దగ్గరగా వేసి, నా చెంప మీద చెయ్యి పెట్టి, "బాక్సింగ్ అంటున్నావట, బాగుంది. నేను మెట్ల మీంచి పడ్డానంటాను" అన్నది. తన జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించింది.

"కాదండీ, నాది నిజంగా బాక్సింగే" అని నేను ఎంత చెప్పినా ఆవిడ తల ఊపుతూనే ఉంది. నమ్మలేదు. చివరకు అక్కడే, పట్టుచీరలో, కాళ్లు సరిచేసి నిలబడి గాలిలో నాలుగు గుద్దులు గుద్ది చూపించాను. అప్పుడు ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బాక్సింగ్ నేర్చుకుంటే మొగుడి దెబ్బలు ఆగుతాయని నేననను. అలా అనేవాళ్ల మాట వినకండి. తిరగబడి కొడితే ఇంకా ఘోరంగా దెబ్బలు తినే ప్రమాదముంది. దానికి దారి వేరే ఉంది. 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. 181కి ఫోన్ చేస్తే స్త్రీలకు సాయం చేస్తారు. ఆవిడకూ అదే చెప్పాను. చాలా నెలలు పట్టింది గానీ, ఆవిడ ఇప్పుడు తన అక్కగారి దగ్గర ఉంటున్నది. బాక్సింగ్ నేర్చుకోలేదు, కుట్టు పని చేసుకుంటున్నది.

ఆ పెళ్లినుంచి వచ్చాక డాక్టరమ్మ నన్ను బాగా కేకలేసింది. సంచీని ఎంతైనా కొట్టుకోండి గానీ, ఈ వయసులో తలకు దెబ్బలు పనికిరావంది. కండను అలవాటు చేయవచ్చు గానీ మెదడును దెబ్బలకు అలవాటు చేయలేం కదా అన్నది. మాస్టారూ ఒప్పుకున్నారు. అప్పటినుంచి నేనూ నా జోడీ భుజాల మీదా పొట్ట మీదా తాకించుకుంటామే తప్ప తల జోలికి పోము. మీలో ఎవరైనా మొదలుపెట్టదలిస్తే ముందు బీపీ చూపించుకోండి, కళ్లు చూపించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు డాక్టరును అడగకుండా అడుగు వేయవద్దు. బట్టలంటారా, సల్వారు కమీజు చాలు, చున్నీ మాత్రం ఇంట్లో వదిలేయండి.

నా నిద్ర సంగతి చెప్పలేదు కదూ. రాత్రి రెండింటికి మెలకువ ఇంకా వస్తూనే ఉంది, కాకపోతే వారానికి రెండుసార్లే. కోపమూ ఉంది. సాయంత్రం అయిదున్నర దాకా దాచుకుని షెడ్డుకు తీసుకెళుతున్నాను. పోయిన నెలలో మా కాలనీ ఆడవాళ్లు ముగ్గురు వచ్చి చేరారు, అందులో ఒకావిడకు 61. వాళ్లకు పట్టీలు కావాలని చెబితే మా అత్తగారు పెట్టె తెరిచి చూసుకున్నారు. ఇంకా నాలుగు పాత చీరలున్నాయి.

సెలవు.