వేసినవారే ఏరుతున్నప్పుడు: లావోస్‌లో అమెరికా సాయాన్ని దేనితో కొలవాలి?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆ మాస్టారు మాకు ప్రభుత్వ నివేదికలు చదవడం నేర్పారు. ఎంత ఖర్చయిందన్న పట్టిక దగ్గర ఆయన ఆగేవారు కాదు. దేన్ని కొలిచారు, దాన్నే ఎందుకు కొలిచారు అని మాచేత అడిగించేవారు. ఒక దేశం ఇంకో దేశానికి చేస్తున్న సాయాన్ని ఇవాళ ఆ ప్రశ్నతోనే పరిశీలిస్తాను. ఇచ్చేది అమెరికా, పుచ్చుకునేది లావోస్. పని, యుద్ధం భూమిలో వదిలిపోయిన బాంబులను ఏరివేయడం. లావోస్‌లో మందుపాతరల కంటే పేలని క్లస్టర్ బాంబుల బెడదే ఎక్కువ. అయితే ఏరే మనుషులు, పనిముట్లు, డబ్బు వచ్చే ఖాతా రెండింటికీ ఒకటే.

1962 జెనీవా ఒప్పందం లావోస్‌ను తటస్థ దేశంగా ప్రకటించింది. దాని అమలును చూడవలసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్ష స్థానం మన దేశానిది. ఆ ఒప్పందం ఉండగానే, 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000 సార్లు దాడికి వెళ్లాయి. సగటున ఎనిమిది నిమిషాలకో విమానం, రాత్రీ పగలూ, తొమ్మిదేళ్లు. కురిసిన బాంబులు 20 లక్షల టన్నులకు పైనే. తూర్పున హోచిమిన్ బాట, ఉత్తరాన సియెంగ్ ఖువాంగ్‌లోని జాడీల మైదానం ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఏళ్ల తరబడి ఈ సంగతి అమెరికా ప్రజలకే తెలియనివ్వలేదు.

క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న బాంబులు సుమారు 27 కోట్లు. వాటిలో 30 శాతం దాకా పేలలేదని అంచనా, అంటే ఎనిమిది కోట్లు. లావో పల్లెల్లో ఈ చిన్న బాంబును బాంబీ అంటారు. బాగా కనిపించే రకం టెన్నిస్ బంతి అంత ఉంటుంది. లోపల పేలుడు మందు, గుల్ల గోడలోనే పొదిగిన వందలాది ఉక్కు గుళ్లు. గాలిలో గిర్రున తిరుగుతూ పడేలా పైన సన్నని అంచులుంటాయి. ఆ తిరుగుడుతోనే అది పేలడానికి సిద్ధమవుతుంది. అలా సిద్ధమై కూడా పేలనిది మట్టిలో కూరుకుపోయి, యాభై ఏళ్లు దాటినా చావకుండా ఉంటుంది. పార తగిలితే పేలవచ్చు. పిల్లలు బంతి అనుకుని విసిరితే పేలవచ్చు. పైన పొయ్యి వెలిగించినా పేలవచ్చు. ఎప్పుడూ కూర్చునే చోటే చలి కాచుకుంటూనో, వంట చేస్తూనో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2008 వరకు జరిగిన ఘటనలపై తీసిన జాతీయ సర్వేలో 50 వేలకు పైగా బాధితులు తేలారు. వాళ్లలో దాదాపు 20 వేల మంది యుద్ధం ముగిశాక దెబ్బతిన్నవారే.

ఏరివేతకు అమెరికా డబ్బు ఇవ్వడం 1990ల మధ్యలో మొదలైంది. తొలి పదిహేనేళ్లు ఆ మొత్తం ఏడాదికి కొద్ది మిలియన్ డాలర్లే. 2016 సెప్టెంబరులో ఒబామా వియంటియాన్ వెళ్లారు. పదవిలో ఉండగా లావోస్‌లో అడుగుపెట్టిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. కోలుకోవడానికి సాయపడడం తమ నైతిక బాధ్యత అన్నారు, మూడేళ్లకు 90 మిలియన్ డాలర్లు ప్రకటించారు. క్షమాపణ చెప్పలేదు. పత్రికలన్నీ ఆ 90 మిలియన్ల దగ్గరే ఆగాయి. నాకు మాత్రం ఆ రోజుల్లోనే పొలాల్లో వచ్చిన ఇంకో మార్పు అంతకంటే పెద్దది.

అప్పటిదాకా ఈ పనికి కొలత హెక్టార్లు. ఈ ఏడాది ఇన్ని హెక్టార్లు శుభ్రం చేశాం అని రాస్తే దాతకు సంతోషం, సంస్థకు వచ్చే ఏడాది నిధులు. ఈ కొలత సిబ్బందిని ఎటు నెడుతుందో ఆలోచించండి. బాంబులు దట్టంగా ఉన్న పొలంలో పని నత్తనడకన సాగుతుంది. డిటెక్టర్ మోగిన ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని పొర పొరగా మట్టి తీయాలి. ఏమీ లేని పొలంలో చకచకా నడిచిపోవచ్చు. హెక్టార్లు పెరగాలంటే ఏమీ లేని పొలమే లాభం. అలాంటి భూములెన్నో ఎంతో ఖర్చుతో, ఎంతో శ్రద్ధతో శుభ్రమయ్యాయి. ఎవరూ మోసం చేయలేదు. కొలతే వాళ్లను అక్కడికి తీసుకెళ్లింది.

మార్పు ఏమిటంటే, ఏరడానికి ముందు వెతకడం. ముందుగా ఊళ్లో సమావేశం పెడతారు. పశువులు కాసేవాళ్లను, వెదురు కొమ్ములకు అడవికెళ్లే ఆడవాళ్లను, పాత ఇనుము ఏరుకునేవాళ్లను కూర్చోబెట్టి, బాంబీ ఎక్కడ చూశారో చెప్పమంటారు. అమెరికా వాయుసేన దాడుల రికార్డులు లావోస్‌కు అందాయి గానీ, పైలట్ రాసుకున్న చోటికీ బాంబు పడ్డ చోటికీ చాలా దూరం ఉండవచ్చు. అందుకే పశువుల కాపరి మాటకు అంత విలువ. అతను చూపిన చోటి నుంచి నేలను 50 మీటర్ల గడులుగా విభజించి ఒక్కో గడిలో వెతుకుతారు. బాంబీ దొరికితే ఆ గడికి మ్యాపులో ఎర్ర రంగు వేసి, పక్క గడిలోకి వెళతారు. ఎర్ర గడులు ఎక్కడ ఆగిపోతే ప్రమాదకర ప్రాంతానికి అక్కడ హద్దు గీస్తారు. ఆ తర్వాతే ఏరివేత బృందం వస్తుంది. ఈ పద్ధతికి రూపమిచ్చింది నార్వేకు చెందిన స్వచ్ఛంద సంస్థ, నార్వేజియన్ పీపుల్స్ ఎయిడ్. లావోస్‌లో తన డబ్బుతో జరిగే పనికంతటికీ ఆ పద్ధతే ఉండాలని పట్టుబట్టింది అమెరికా విదేశాంగ శాఖ. హెక్టార్లు తగ్గి, ఒక్కో హెక్టారులో దొరికే బాంబులు పెరిగాయి. దాతగా అమెరికా చేసిన మంచిపని ఏది అంటే నేను ముందు దీన్నే చెబుతాను. నివేదికలో అంకె చిన్నదవుతుందని తెలిసీ సరైన కొలతను ఎంచుకుంది.

ఇంత చేసిన దాతే నిలకడ దగ్గర తప్పింది. 2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపాలని ఆదేశించింది. ఏరివేత కూడా అందులో ఆగింది. ఆ నెల ఎలాంటిదో వాషింగ్టన్‌లో ఎవరైనా చూశారా? లావోస్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. వానలు పడితే కొండదారుల్లో బండ్లు కదలవు కాబట్టి, ఏరివేతకు అసలైన కాలం అదే. మెట్ట వరి వేసే రైతులు మార్చి, ఏప్రిల్‌లలో కొట్టిన పొదలకు నిప్పు పెడతారు. పొలాలు తగలబెట్టే కాలం దగ్గర పడుతుండగానే సిబ్బందిని ఇళ్లకు పంపేశారు. ఆ సిబ్బంది కూడా పరాయివాళ్లు కారు. చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులు, వాళ్లలో చాలామందికి ఈ జీతమే ఇంటికి ఆధారం. శిక్షణ పొందిన మనిషి ఇంకో పని వెతుక్కుని వెళ్లిపోతే, డబ్బు తిరిగి వచ్చినంత మాత్రాన అతను తిరిగి రాడు. ఏటేటా అమెరికా కాంగ్రెస్ మంజూరు మీద బతికే కార్యక్రమానికి ఈ భయం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి దాతకు మార్కులు వేసేటప్పుడు ఎంత ఇచ్చారన్న దాని పక్కనే, ఎన్నేళ్లకు మాట ఇచ్చారో, ఆ మాట నిలిచిందో లేదో రాయాలి.

గాయపడినవారి విషయంలో ఆ మాట ఇంకా ముఖ్యం. ఎనిమిదేళ్ల పిల్లకు కాలు పోతే ఒక కృత్రిమ పాదంతో సరిపోదు. ఎదిగే కొద్దీ మారుస్తూ ఉండాలి, పెద్దయ్యాకా అరిగినప్పుడల్లా మార్చాలి. వియంటియాన్‌లోని కోప్ కేంద్రం ఇలాంటివారి కోసం పనిచేస్తోంది. ఆ పిల్లకు కావలసింది జీవితాంతం సాగే సాయం, మూడేళ్ల పథకంలో అది ఇమడదు.

ఏరివేతకు బయట దాత చేసే పనులను కూడా లెక్కలోకి తీసుకోవాలంటాను. క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందం 2008లో సంతకాలకు వచ్చింది, 2010లో అమల్లోకి వచ్చింది. దానిలో చేరిన దేశాల తొలి సమావేశానికి ఆతిథ్యమిచ్చింది లావోసే. అమెరికా అందులో చేరలేదు. 2023 జులైలో ఉక్రెయిన్‌కు క్లస్టర్ ఆయుధాలు పంపాలని నిర్ణయించింది. ఒక శాఖ సియెంగ్ ఖువాంగ్‌లో బాంబీలు ఏరుతుండగా ఇంకో శాఖ అదే జాతి ఆయుధాన్ని ఇంకో దేశపు పొలాలకు పంపితే, ఆ సాయానికి పూర్తి మార్కులు వేయడానికి నాకు మనసొప్పదు.

మన దేశమూ ఆ ఒప్పందంలో లేదు, మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలోనూ లేదు. అయినా మనమూ దాతలమే. శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక, ఉత్తర ప్రాంతంలో ఏడు భారతీయ మందుపాతరల ఏరివేత బృందాల పూర్తి ఖర్చును భారత ప్రభుత్వం భరించింది. శిబిరాల్లో ఉన్న తమిళ కుటుంబాలు త్వరగా ఊళ్లకు చేరాలన్నది ఉద్దేశం. ఆ పని మంచిదని నేను నమ్ముతున్నాను. లావోస్‌లో అమెరికాను అడిగిన ప్రశ్నలన్నీ దాన్నీ అడగాలి. ఆ బృందాలు శుభ్రం చేసిన భూముల్లో ఎన్నిటిలో మందుపాతరలు దొరికాయి? ఏ గ్రామం ముందు, ఏది తర్వాత అని ఎవరు నిర్ణయించారు? ఇవాళ ఆ పొలాలు ఎవరు దున్నుతున్నారు? ఈ హాల్లో ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ పాలన చదువుతున్న విద్యార్థులున్నారు. సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. దరఖాస్తు రాయడానికి ఎవరైనా ముందుకొస్తే, దాని ముసాయిదా నేను మీతో కూర్చుని రాస్తాను.