బోణీ కాలేదని కొట్టు కట్టేస్తామా?

(ఉపకార వేతనాల ప్రదాన సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఎలా చదవాలో మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. కాలేజీలో లెక్చరర్లు, కోచింగ్ సెంటర్లు, అవెన్యూ రోడ్డులో దొరికే గైడ్లు ఆ పనే చేస్తున్నాయి. నేను చెప్పదలచుకున్నది వేరు. బాగా చదివిన విద్యార్థి కూడా పరీక్ష హాలులో ఒక్క ప్రశ్న దగ్గర బెదిరిపోయి, ఆ బెదురుతో మిగిలిన పేపరంతా పాడు చేసుకోవడం జరుగుతుంది. ఆ దెబ్బను అక్కడికక్కడే ఎలా ఆపుకోవాలన్నదే ఈనాటి నా విషయం.

మనది చిక్కపేట. బట్టల కొట్ల మధ్య పెరిగిన పిల్లలు మీలో చాలామంది ఉన్నారు. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం ముప్పై చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయిందనుకోండి. కొట్టు యజమాని ఏం చేస్తాడు? చీరలు మడత పెట్టించి, తర్వాత వచ్చినవారిని "రండమ్మా, కూర్చోండి" అని పిలుస్తాడు. బోణీ కాలేదని కొట్టు కట్టేయడు. మొదటి బేరం మీద కోపం రెండో బేరం మీద చూపించడు. లాభనష్టాల లెక్క రాత్రి షట్టరు దించిన తర్వాతే చూస్తాడు. ఈ మూడు అలవాట్లూ పరీక్ష హాలులో కూడా పనికివస్తాయి.

ముందుగా, తెలిసిన జవాబు కూడా ఆ సమయంలో ఎందుకు గుర్తుకు రాదో తెలుసుకుందాం. భయం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులకు చెమట పడుతుంది. ప్రమాదం నుంచి పరుగెత్తడానికి ఇవన్నీ మంచివే. కాని ఒక లెక్కను మనసులో పట్టి ఉంచుకుని చేసే శక్తి ఆ కాసేపు తగ్గుతుంది. అంటే మీరు చదివినది ఎక్కడికీ పోలేదు, తలుపు కొంచెం బిగుసుకుంది, అంతే. బిగుసుకున్న తలుపును గుద్దితే లాభం లేదు.

కర్ణాటక సి.ఇ.టి.నే తీసుకోండి. ఒక్కో సబ్జెక్టుకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 80 సెకన్లు. రాని ప్రశ్న ఒక్కటి మీ దగ్గర తీసుకోగలిగినది ఒక్క మార్కు. కాని దాని కోసం పది నిమిషాలు కూర్చుంటే ఏడెనిమిది ప్రశ్నల సమయం పోతుంది. మొదటి నష్టం ప్రశ్న వల్ల వచ్చింది, రెండో నష్టం మనం కోరి తెచ్చుకున్నది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2024 ఏప్రిల్ 18, 19 తేదీల్లో జరిగిన సి.ఇ.టి.లో సిలబస్‌లో లేని ప్రశ్నలు చాలా వచ్చాయి. విద్యార్థులు, తల్లిదండ్రులు, లెక్చరర్లు ఆందోళన చేశారు. చివరకు నాలుగు సబ్జెక్టులలోని 240 ప్రశ్నల్లో 50 ప్రశ్నలను మూల్యాంకనం నుంచి తొలగించారు. ఇప్పుడు ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకరు ఆ ప్రశ్నలను చూసి "ఇక నా పని అయిపోయింది" అని చెయ్యి ఆపేశారు. ఇంకొకరు "ఇది నేను చదివింది కాదు, తర్వాతది చూద్దాం" అని ముందుకు సాగారు. భయపెట్టిన ప్రశ్నలను తర్వాత తీసేశారు. కాని భయంలో వదిలేసిన ప్రశ్నల మార్కులను మొదటి విద్యార్థికి ఎవరు తిరిగి ఇస్తారు?

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇవి ర్యాంకుల పరీక్షలు. పేపరు మీకు కష్టంగా ఉంటే పక్క బెంచీ వారికీ కష్టమే. 2025 నీట్‌లో భౌతికశాస్త్రం చాలా కఠినంగా వచ్చిందని పిల్లలు ఏడ్చుకుంటూ బయటికి వచ్చారు. ఫలితాలు చూస్తే 720కి అత్యధిక మార్కులు 686. అర్హతకు జనరల్ విభాగంలో అంతకుముందు ఏడాది 162 కావలసి ఉండగా, ఆ ఏడాది 144 సరిపోయాయి. పేపరు కష్టమైనప్పుడు కొలబద్ద కూడా కిందికి దిగుతుంది. హాలులో కూర్చున్న మీకు అది కనబడదు, అంతే తేడా.

దెబ్బ తిన్న వెంటనే లేవడానికి మన తెలుగమ్మాయి ఒకరిని ఉదాహరణగా చెబుతాను. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం పోటీలో మొదటి స్థానానికి చైనా క్రీడాకారిణి లీ టింగ్జీతో టైబ్రేక్ ఆడవలసి వచ్చింది. మొదటి ఆటలో సమయం అయిపోయి ఓడిపోయారు. రెండో ఆట వెంటనే మొదలవుతుంది, ఏడవడానికి తీరిక లేదు. దాన్ని గెలిచారు, చివరి నిర్ణాయక ఆటతో కిరీటం దక్కించుకున్నారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే పోటీలో మొదటి రౌండే ఓడిపోయారు. అచ్చంగా బోణీ కాలేదన్నమాట. అయినా 11 రౌండ్లకు 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ విజేత అయ్యారు. ఓడిన ఆటను తర్వాతి బల్ల దగ్గరికి మోసుకుపోకపోవడమే ఇందులో మనం నేర్చుకోవలసినది.

ఇక మీరు చేయవలసిన పనులు చెబుతాను.

ఒకటి. బెదురు మొదలవగానే పెన్ను కింద పెట్టండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ నిదానంగా వదలండి. ఇలా మూడుసార్లు. ఊపిరి వదిలే సమయం ఎక్కువైతే గుండె వేగం తగ్గుతుంది. దీనికి అర నిమిషం చాలు.

రెండు. రాని ప్రశ్న పక్కన ప్రశ్నపత్రంలో చిన్న గుర్తు పెట్టి దాటేయండి. ప్రశ్నను దాటినప్పుడు ఓ.ఎం.ఆర్. పత్రంలో ఆ వరుసను కూడా దాటాలి సుమా. తొందరలో ఒక వరుస తప్పితే ఆ తర్వాతివన్నీ తప్పుతాయి. అయిదు ప్రశ్నలకొకసారి నంబరు సరిచూసుకోండి.

మూడు. ఆ వెంటనే మీకు బాగా వచ్చిన రెండు మూడు ప్రశ్నలు వెతికి చేయండి. ధైర్యం మాటలతో రాదు, ఒక లెక్క సరిగ్గా తేలితే వస్తుంది.

నాలుగు. గుర్తు పెట్టినవాటి దగ్గరికి చివర్లో రండి. సి.ఇ.టి.లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కనుక ఏదీ ఖాళీగా వదలకండి. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అక్కడ కంగారులో గుడ్డిగా గీయకండి.

అయిదు. మీకు పరీక్ష ముందే గుండెదడ వస్తుందా? 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులకు ఆ ప్రయోగంలో మంచి మార్కులు వచ్చాయి. ఖర్చు లేని పని, ప్రయత్నించి చూడండి.

వీటన్నిటినీ ఇంట్లో రాసే మాదిరి పరీక్షలలోనే సాధన చేయాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే ఉపయోగం లేదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మనవి. సి.ఇ.టి.లో ఒకే రోజు పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఒక పేపరు ఉంటాయి. మధ్యలో బిడ్డ గేటు బయటికి రాగానే "ఎలా రాశావు? ఎన్ని వస్తాయి?" అని అడగకండి. అది షట్టరు దించకముందే గల్లాపెట్టె తీసి లెక్క చూసినట్టు. మజ్జిగ ఇవ్వండి, తేలికగా భోజనం పెట్టండి, నీడలో కాసేపు కూర్చోనివ్వండి. "నువ్వు ఎలా రాసినా నువ్వు మా బిడ్డవే" అన్న మాట ఆ పూట ఏ కోచింగ్ కంటే ఎక్కువ.

కొన్ని దెబ్బలు మన చేతిలో ఉండవు. 2016లో కర్ణాటక రెండో పి.యు.సి. రసాయనశాస్త్రం పేపరు ముందే బయటపడటంతో మార్చి 21న రాసిన పరీక్ష రద్దయింది. మార్చి 31న మళ్ళీ పెట్టబోతే అదీ బయటపడింది, అదీ రద్దయింది. చివరకు ఏప్రిల్ 12న జరిగింది. తప్పు చేయని పిల్లలు ఒకే పరీక్షకు మూడుసార్లు సిద్ధం కావలసి వచ్చింది. కోపం రావడం న్యాయమే. కాని కోపాన్ని పక్కన పెట్టి పుస్తకం మళ్ళీ తెరిచినవారికే ఏప్రిల్ 12 ఉపయోగపడింది.

ఇన్ని చేసినా ఫలితం రాకపోవచ్చు. అప్పుడు కూడా దారులు మూసుకుపోవు. ఇంజనీరింగు ర్యాంకులో సగం భాగం పి.యు.సి. మార్కులదే. రెండో పి.యు.సి.కి ఏడాదిలో ఒకటికి మించి పరీక్షల అవకాశం ఉంది. మన పక్కనున్న కోలారు జిల్లా అమ్మాయి కె.ఆర్. నందిని 2016 సివిల్ సర్వీసుల పరీక్షలో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చుకున్నది నాలుగో ప్రయత్నంలో.

ఫలితాల రోజున మనసు మరీ కుంగితే ఒంటరిగా ఉండకండి. అమ్మకో, అన్నయ్యకో, మాస్టారికో చెప్పండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళైనా పనిచేస్తుంది, ఉచితం. తల్లిదండ్రులారా, ఆ రోజున ఎవరి బిడ్డతోనూ పోల్చి మాట్లాడకండి. సీటు వచ్చే ఏడాదైనా వస్తుంది, బిడ్డ రాదు.

విద్యార్థులారా, ట్రస్టు మీకిచ్చేది ఫీజుకు సాయం. దానితోపాటు ఈ ఒక్క మాట కూడా తీసుకెళ్ళండి. పోయిన ప్రశ్న పోయింది, మీ ముందున్న ప్రశ్న ఇంకా మీదే. మీరందరూ ధైర్యంగా రాసి, చదువుకుని, రేపు ఇదే వేదిక మీద నుంచి ఇంకొకరి చదువుకు చేయూతనివ్వాలని కోరుకుంటున్నాను.