ఆటల దుస్తులకు పిల్లల ప్రకటన

ఒక వస్తువును గూర్చి పదిమందికి తెలియజెప్పుట ఒక విద్య. తెలియజెప్పుటకును మభ్యపెట్టుటకును నడుమ గీత ఎక్కడ ఉన్నదో ఎరుగుట అంతకంటె పెద్ద విద్య. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో బడిపిల్లలతో కూర్చుండి ఆటల దుస్తులకు ఒక ప్రకటన చిత్రము తీయ సంకల్పించినప్పుడు, ఈ రెండవ విద్యయే మాకు ముందుగా ఎదురైనది.

వివిధభారతిలో 1967 నవంబరు 1వ తేదీన, దూరదర్శన్‌లో 1976 జనవరి 1వ తేదీన వాణిజ్య ప్రకటనలు ఆరంభమైనవి. నేడు అవి అరచేతిలోని ఫోనులోనే ఆడుచున్నవి. పటాన్‌చెరు వైపు కర్మాగారములలో పనిచేయువారి పిల్లలు మా తరగతిలో ఉన్నారు. వస్తువు ఎట్లు తయారగునో వారు ఇంట విన్నదే. ఎట్లు అమ్ముడగునో వినలేదు. ఒకసారి తామే ప్రకటన తయారు చేసినచో దాని లోగుట్టు తెలియునని మా ఉద్దేశము.

చిత్రము నిడివి 30 సెకన్లని నిర్ణయించుకొంటిమి. అంత వ్యవధిలో తీరికగా పలుకదగిన మాటలు సుమారు 50. దృశ్యమునకు 5 సెకన్ల చొప్పున 6 దృశ్యములు. కాగితముపై 6 గడులు గీసి, ప్రతి గడిలో బొమ్మయు, దాని క్రింద మాటయు వ్రాయుమంటిమి. ఈ కాగితము పూర్తియగువరకు ఫోను ముట్టరాదని నియమము. నిజమైన కంపెనీ గుర్తు ఏదియు వాడరాదు. సినిమా పాట హక్కు వేరొకరిది గనుక అదియు వలదు. చిత్రములో కనబడు పిల్లల తల్లిదండ్రుల అనుమతి ముందుగా తీసికొనవలెను.

తొలి కాగితములో, వెనుకబడిన బాలుడు కొత్త అంగీ తొడుగుకొనగానే అందరిని దాటిపోయి కప్పు అందుకొన్నాడు. తరగతి చప్పట్లు కొట్టినది, మేమును మెచ్చుకొంటిమి. వెనుక బెంచీలోని ఒక బాలిక మాత్రము లేచి, "సార్, మొన్న నేను చెప్పుల్లేకుంటనే ఉరికి ఫస్టు వచ్చిన గద. గీ అంగీ ఏసుకుంటెనే గెలుస్తరని ఎట్ల చెప్తం?" అని అడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ ప్రశ్నలో రెండు సంగతులు ఉన్నవి. అంగీ గెలిపించుననుట నిజము కాదు. అంతకుమించి, అంగీ కొనలేని పిల్లతో ఆ చిత్రము "నీవు గెలువజాలవు" అని చెప్పుచున్నది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో వెలువరించిన మార్గదర్శకములు, పిల్లలలో లేనిపోని ఆశలు కలుగునట్లు వస్తుగుణములను అతిశయించి చూపరాదని చెప్పుచున్నవి. బాలిక వాటిని చదివి అడుగలేదు. తన పరుగు తనకు తెలియును గనుక అడిగినది.

అంగీ నిజముగా ఏమి చేయగలదో పరీక్షించితిమి. ఒకే కొలతగల నూలుగుడ్డ, పాలిస్టరు గుడ్డ తెచ్చి, చెరొక చెంచా నీరు పోసి నీడలో ఆరవేసితిమి. పాలిస్టరు ముందుగా ఆరినది. కారణము కలదు. ప్రయోగశాలలలో ప్రమాణముగా తీసికొను గాలితేమలో నూలు తన పొడిబరువున నూటికి సుమారు 8.5 వంతుల తేమ పట్టుకొనును, పాలిస్టరు 0.4 వంతు మాత్రమే. పాలిస్టరు పోగులోనికి తడి ఇంకదు. పోగుల నడుమ ప్రాకి ఆరిపోవును. అయితే చెమటవాసన దానిలోనే హెచ్చుగా నిలుచును. ఈ లోపమును పిల్లలు తమ కాగితము అంచున వ్రాసికొన్నారు.

రెండవ కాగితములో కప్పు లేదు. పిల్లలు కబడ్డీ ఆడుదురు. వారి కూతయే సంగీతము. తడిసిన అంగీలు రెండు తీగపై ప్రక్కప్రక్కన ఆరుచుండును. ఆ బాలిక తన పాత బడిదుస్తులతోనే వాటి ముందునుండి పరుగెత్తిపోవును. చివరి మాట ఆమెయే చెప్పినది: "ఉరికేది మీరు. తొందరగ ఆరేది అంగీ."

ఈ పని తలపెట్టు ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటి. తొలి కాగితమును చింపివేయకుడు. రెండింటిని గోడపై ప్రక్కప్రక్కన అతికించుడు. ఫోనులో క్రొత్త ప్రకటన చూచినప్పుడెల్ల, అది ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉన్నదో పిల్లలను అడుగుడు.