పాడినవారి పేరుతోనే పాట
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"మీ సంఘంవాళ్లు పాటల కంపెనీ పెట్టారంట, కంప్యూటర్‌లో రేడియో కూడా నడుపుతున్నారంట, దాని సంగతి చెప్పండి" అని సమాఖ్యవారు అడిగారు. కంపెనీ అంటే పెద్ద మాట. మాకున్నది ఒక మైకు, పాత కంప్యూటరు ఒకటి, సంఘం ఆఫీసు వెనక గది, సాయంత్రం పూట వచ్చి కూర్చునే నలుగురు పిల్లోళ్లు. అంతే. కానీ ఈ పనిలో మేము ఒక తప్పు చేశాం, ఒక నష్టం పడ్డాం. ఆ రెండూ మీకు చెప్పాలనే వచ్చాం.

ముందు ఇది ఎందుకు మొదలుపెట్టామో చెప్తాం. మా తరంలో బడిలో తెలుగు చదువుకున్నాం. ఎనిమిదితో ఆపేసినా, తెలుగు ఉత్తరం రాయగలం, సంఘం మినిట్సు రాయగలం. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావాల్సిందే, అది మనకి అన్నం పెట్టే ఊరి భాష, దాని మీద మాకు ఏ కోపమూ లేదు. కానీ మా మనవళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చూస్తే గుర్తుపట్టరు. ఈ సంచికలో మేము రాసింది వాళ్లు చదవలేరు. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం అర్థమవుతుంది. కన్ను మూసుకుపోయినా చెవి తెరిచే ఉంది. సరే, చెవి ద్వారానే పోదాం అనుకున్నాం.

ఇది కొత్త విషయమేమీ కాదు. త్యాగరాజస్వామి తిరువయ్యారులో కూర్చుని తెలుగులో పాడారు. ఇప్పటికీ తెలుగు అక్షరం రానివాళ్లు ఆ కీర్తనలు తమిళంలో రాసుకుని పాడుతున్నారు. మా కంచికి దగ్గర్లోనే వాలాజాపేట ఉంది. అక్కడ ఉండిన వెంకటరమణ భాగవతర్ త్యాగరాజస్వామి శిష్యుడు. పట్టు నేసే సౌరాష్ట్రుల్లో పుట్టినవాడు. గురువుగారి కీర్తనలు రాసి దాచినవాళ్లలో ఆయన ముఖ్యుడు. మనలాంటి నేతకులంలో పుట్టినాయన ఆ రోజు తాటాకు పట్టుకుని పాట కాపాడితే, ఈ రోజు సెల్‌ఫోన్ పట్టుకుని మనం కాపాడలేమా?

రేడియో అనగానే అందరూ ఎఫ్.ఎమ్. అనుకుంటారు. జహీరాబాదు దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న పల్లె ఆడవాళ్లే సంఘం రేడియో పెట్టారు. 90.4లో వస్తుంది. అది చూసి మాకూ ఆశ పుట్టింది. కానీ సముదాయ రేడియో వినిపించేది చుట్టుపక్కల పది పన్నెండు కిలోమీటర్ల దాకా. మనవాళ్లేమో ఒకరు కంచిలో, ఒకరు షోలాపూరులో, ఒకరు సూరత్‌లో. అందుకని ఇంటర్నెట్ రేడియో అనుకున్నాం. 64 కేబీపీఎస్‌లో పంపిస్తే ఒక గంట వినడానికి ఫోన్లో 29 ఎంబీ దాకా ఖర్చవుతుంది. ఒక్క గొంతు పాటకి, మాటకి అది చాలు. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట, మళ్లీ మంగళవారం పొద్దున అదే గంట. మొదటి ఆదివారం విన్నది పదకొండు మంది. అందులో నలుగురు మా ఇళ్లవాళ్లే.

సినిమా పాటలు వెయ్యొచ్చు కదా, జనం వింటారు కదా అని చాలామంది అడిగారు. వెయ్యకూడదు. ఆ పాటలకి హక్కుదారులున్నారు. గాలిలో వచ్చే రేడియోకి ఉన్న చట్టబద్ధ లైసెన్సు ఇంటర్నెట్ వినికిడికి వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది. హక్కుదారుల్ని అడిగి, డబ్బు కట్టి వెయ్యాలి. మన దగ్గర అంత లేదు. అందుకే మేము రికార్డు చేసినవే వేస్తాం. లాలి, నలుగు పాట, అప్పగింత పాట, మంగళహారతి, భావనారుషి కథ, మార్కండేయుడి కథ, రాట్నం తిప్పుతూ ఆడవాళ్లు పాడుకునేవి.

రికార్డు చేయడం మాకు కొత్త. మగ్గాల వీధిలో పగలు పాట పట్టలేం. ఇటు చూస్తే జకార్డు చప్పుడు, అటు చూస్తే రాట్నం చప్పుడు. అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు, కాబట్టి అమావాస్యే మా రికార్డింగు రోజు. గోడలకి పరుపులు, దుప్పట్లు వేలాడదీశాం. ఫ్యాను ఆపాలి. ఫోన్లు బయట పెట్టాలి. మైకు నోటికి ఒక జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. పట్టేటప్పుడు వేవ్ ఫైలుగానే పట్టాలి, నిమిషానికి 10 ఎంబీ దాకా పడుతుంది, పట్టనివ్వండి. పంపడానికి ఎంపీత్రీ చేసుకోవచ్చు. ఎంపీత్రీ నుంచి మళ్లీ వేవ్ చేసినా పోయింది తిరిగి రాదు. నూలు ఒకసారి తెగాక ముడి కనపడకుండా ఉంటుందా?

పాటల కంపెనీని ఇంగ్లీషులో లేబుల్ అంటారు. పాత గ్రామఫోను ప్లేటు నడుమ అంటించే గుండ్రటి కాగితం నుంచి వచ్చిన పేరు అది. మనం చీర మడత మీద పెట్టే చీటీ లాంటిదే. మా తప్పు ఆ చీటీ దగ్గరే జరిగింది.

మా వీధిలో ఎనభై దాటిన అవ్వ ఒకావిడ ఉండేది. పట్టు కండెలు చుట్టేది. భద్రావతి పెళ్లి పాట మొత్తం ఆమెకి నోటికి వచ్చు. అమావాస్య నాడు కూర్చోబెట్టి పాడించాం. చాలా బాగా వచ్చింది. పిల్లోళ్లు దానికి బొమ్మ తయారుచేశారు. పైన సంఘం పేరు, మధ్యలో సంఘం ముద్ర. ఇంటర్నెట్‌లో పెట్టాం. మేము చాలా సంతోషపడ్డాం, నలుగురికీ చూపించుకున్నాం.

నాలుగు రోజులకి ఆవిడ కొడుకు చీర అప్పజెప్పడానికి ఆఫీసుకి వచ్చాడు. చీర కొలిచాం, తూకం వేశాం, పాసుబుక్కులో కూలి రాశాం. అతను లేవలేదు. "సెక్రటరీ గారూ, నలభై ఏళ్లుగా నేను నేసిన చీర మీద ఎవరి పేరో ఉంటుంది, నా పేరు లేదు. సరే, అది వ్యాపారం. మా అమ్మ పాట మీద కూడా మా అమ్మ పేరు ఉండదా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మాకు జవాబు రాలేదు. ప్రతి సభలో మేము మాట్లాడేదే అది. కొట్టువాడి పేరుంటుంది, నేసినవాడి పేరుండదు అని. మైకు మా చేతికొచ్చేసరికి మేమూ ఆ కొట్టువాడి పనే చేశాం.

ఆ రోజే పాట తీసేశాం. సాయంత్రం అందరం ఆవిడ ఇంటికి పోయి క్షమించమని అడిగాం. ఆవిడ నవ్వింది. "నా పేరెందుకు నాయనా, నాకు మా అత్త నేర్పింది, ఆవిడ పేరు పెట్టండి" అంది. అప్పటినుంచి మా చీటీలో రెండు గళ్లు ఉన్నాయి: పాడినవారు, నేర్పినవారు. వాటి కింద ఊరు, తేదీ. సంఘం పేరు అడుగున చిన్నక్షరాల్లో.

తర్వాత తెలిసినాయన్ని అడిగితే, ఇది మంచితనమే కాదు, చట్టం కూడా అని చెప్పారు. కాపీరైటు చట్టం 1957 నాటిది. పాడేవారికి హక్కులు 1994 సవరణలో వచ్చాయి. ఇది నేను పాడింది, నా పేరు చెప్పండి అని అడిగే హక్కు 2012 సవరణలో వచ్చింది. పాట పాతదైనా, ఎవరు కట్టారో తెలియకపోయినా, పాడిన గొంతు ఆ మనిషిదే.

మన దేశంలో మొదటి రికార్డులు 1902లో కలకత్తాలో పట్టినప్పుడు గౌహర్ జాన్ అనే గాయని పాట చివర తన పేరు తానే చెప్పింది. ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి, అక్కడివాళ్లకి ఎవరి పాటో తెలియాలి కదా. మేమూ ఆ పద్ధతి పెట్టాం. పాట అయ్యాక ప్రతి ఒక్కరూ తమ పేరు, ఊరు, నేర్పినవారి పేరు వాళ్ల నోటితోనే చెప్పాలి. చీటీ చిరిగిపోవచ్చు, గొంతులో ఉన్న పేరు చిరగదు.

కాగితం కూడా రాయిస్తున్నాం. ఒక పేజీ, తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి. ఈ పాట నేను పాడాను, సంఘం వినిపించొచ్చు, వద్దంటే తీసేయాలి, వచ్చిన డబ్బులో సగం నాది. అంతే. చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. ఈ కాగితం ఒకసారి మమ్మల్ని కాపాడింది. మేము పెట్టిన మంగళహారతి మాదేనని ఒక క్యాసెట్ల కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. వాళ్ల క్యాసెట్‌లో అదే వరస ఉందంట. కాగితం, తేదీ, వేవ్ ఫైలు పంపాం. నెల పట్టింది, నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఆ మూడూ లేకపోతే మా అవ్వల పాట మాది కాదని ఒప్పుకోవాల్సి వచ్చేది.

ప్రతి రికార్డుకి ఐ.ఎస్.ఆర్.సి. అని 12 అక్షరాల నంబరు ఉంటుంది. పట్టుచీరకి సిల్క్ మార్క్ ఎలాగో పాటకి ఇది అలాగ. పాట ఎక్కడ మోగినా ఎవరిదో తెలుస్తుంది. మేము అది కూడా తీసుకున్నాం.

డబ్బు సంగతి దాచం. ఇందులో డబ్బు లేదు. పేరున్న ఒక పెద్ద సైటు 2024 నుంచి ఒక నియమం పెట్టింది, ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకి పైసా ఇవ్వదు. మన నలుగు పాటని వెయ్యిసార్లు ఎవరు వింటారు? బ్యాండ్‌క్యాంప్ అని ఇంకోటి ఉంది, అక్కడ వినేవాళ్లు నేరుగా కొనొచ్చు, సైటు 15 శాతం పట్టుకుంటుంది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు కొందరు అక్కడ కొన్నారు. మొదటి ఏడు పాడినవాళ్లకి మనిషికి రెండు వందల చిల్లర వచ్చింది. ఆ రెండు వందలకీ పాసుబుక్కు రాసి, కూలి ఇచ్చినట్టే లెక్క చెప్పి చేతికిచ్చాం. ఒకావిడ ఆ నోట్లు దేవుడి పటం వెనక పెట్టుకుంది, ఖర్చు పెట్టలేదు.

ఇప్పుడు మా నష్టం సంగతి. ఆ అవ్వ దగ్గరికి క్షమించమని పోయిన రోజు, ఇంకా రెండు పాటలున్నాయి నాయనా, పడుగు చాపేటప్పుడు మా అమ్మవాళ్లు పాడేవి, పట్టుకోండి అంది. మాకు ఆ వారం జరీ లెక్కలు, ఆడిట్ పని. వచ్చే అమావాస్యకి వస్తామవ్వా అన్నాం. ఆ అమావాస్యకి నాలుగు రోజుల ముందు ఆవిడ పోయింది. పడుగు పాటలు ఆవిడతోనే పోయాయి. వీధి వీధీ అడిగాం, పక్క ఊళ్లలో అడిగాం, ఇంకెవరికీ రావు. ఆడిట్ మాత్రం ఆ వారం కాక పై వారం జరిగింది.

పదో రోజు ఆమె పాట రేడియోలో వేశాం. చివర్లో ఆమె తన పేరు చెప్పి, అత్తగారి పేరు చెప్పింది. తెలుగు చదవడం రాని మనవరాలు ఫోన్ చేసింది. ఆ పాట నేర్చుకోవాలని ఉంది, రోజూ వింటున్నాను, రెండు మాటలు అర్థం కాలేదు, చెప్పండి అని అడిగింది. చెప్పాం. మొన్న అమావాస్యకి ఆ పిల్లే వచ్చి మైకు ముందు కూర్చుంది. సగం పాట వచ్చింది. నేర్పినవారు అనే గడిలో వాళ్ల అవ్వ పేరు రాశాం.

మిమ్మల్ని అడిగేది ఇంతే. ప్రతి ఊరి సంఘం ఈ ఏడు రెండు గొంతులు పట్టండి. రెండే. మైకు లేకపోతే ఫోన్ చాలు. ఫోన్‌ని విమానం మోడ్‌లో పెట్టండి, ఫ్యాను ఆపండి, పేరు ఆమె నోటితోనే చెప్పించండి, కాగితం రాయించండి. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. పాట మాకు పంపితే మీ పేరుతోనే వేస్తాం. మీరే సొంతంగా రేడియో పెట్టుకుంటామంటే మా పిల్లోళ్లు వచ్చి నేర్పుతారు, రైలు చార్జీ ఇస్తే చాలు.

వచ్చే అమావాస్యకి అని మాత్రం అనకండి. మేము అన్నాం.